పడుకుంటే వచ్చే నొప్పి

మేడమీది గది,
సోమవారం

వదినా,

ఇంటికొచ్చేశాను. నువ్వు భయపడినట్టు ఏమీ జరగలేదు. గుండెకి బైపాస్ చేసి, ఛాతీ ఎముకను లోపల తీగతో బిగించి, పైన చర్మం కుట్టి పంపించారు. ఆ కుట్టు చూస్తే నాకు నవ్వొచ్చింది. బతుకంతా జనాల చిరిగిన బట్టలకి అతుకు కనపడకుండా నేసిపెట్టినదాన్ని, నా ఒంటిమీద మాత్రం మెడ కింద నుంచి పొట్ట మొదలుదాకా ఊరంతా చూసేలా కుట్టారు. డాక్టరుతో ఆ మాటే అంటే, "మాకు లోపలి పని ముఖ్యం తల్లీ, పైపని కాదు" అన్నాడు. నాకు పని ఇచ్చే మా కింది బట్టల దుకాణం ఆయనైతే అలాంటి పనివాణ్ణి ఒక్క పూట కూడా ఉంచుకోడు.

మాత్రలు దోసెడు ఇచ్చారు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, బీపీకి ఒకటి, కొవ్వుకి ఒకటి. ఇంకో చిన్నది ఉంది, కాల్చిసిన్ అట. దాని గురించి వచ్చేటప్పుడు నర్సమ్మ కూర్చోబెట్టి మరీ చెప్పింది. గుండె చుట్టూ పలచటి సంచి ఒకటి ఉంటుందట. ఆపరేషన్‌లో దాన్ని కోస్తారు కదా, కొంతమందికి కొన్ని వారాలయ్యాక ఆ సంచి వాచి, నీరు పట్టి, నొప్పి పెడుతుందట. అలా కాకుండా ముందుజాగ్రత్తకి ఈ మాత్ర. కాలి బొటనవేలు వాచినవాళ్ళకీ ఇదే ఇస్తారట. నా గుండె బొటనవేలి స్థాయికి దిగిపోయింది చూడు.

అన్నయ్య రోజూ సాయంత్రం వచ్చి చూసి వెళ్తున్నాడు. ఆసుపత్రిలో సంతకాలన్నీ తనే పెట్టాడు. కాబట్టి నువ్వు పనులు మానుకుని పరుగెత్తుకు రావద్దు. తన ముఖం చూడడం నీకు ఎంత కష్టమో నాకు తెలుసు.

నీ మరదలు


డ్రైవింగ్ స్కూలు,
మధ్యాహ్నం, భోజనాల వేళ

మరదలు పిల్లా,

ఉత్తరం అందింది. ఒకసారి చదివాను, మళ్ళీ చదివాను, ఆ తరవాత నీ అక్షరాలు ఎక్కడైనా వణికాయేమోనని చూశాను. వణకలేదు. బతికించావు.

మీ అన్నయ్య రోజూ వస్తున్నాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. నాతో కాపురం చేసినన్నాళ్ళూ, నాకు జ్వరమొస్తే గుమ్మం దగ్గర నిలబడి "తగ్గిందా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయే మనిషి. విడాకులై తొమ్మిదేళ్ళయింది, మారాడేమో. చెల్లెలి కోసమైనా మారితే మంచిదే. అందుకే నేను రావడం లేదు. ఒకే గదిలో నేనూ అతనూ, మధ్యలో కొత్తగా కుట్టిన నువ్వూ... ఎవరికీ మంచిది కాదు.

ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు. బండి నేర్చుకోవడానికి ఒక బ్యాంకు ఆవిడ వస్తోంది. బ్రేకు తొక్కమంటే కళ్ళు మూసుకుంటుంది. ఇంకో పెద్దాయన, రిటైరయ్యాక సరదా పుట్టింది, అద్దంలో వెనక వచ్చే బళ్ళు చూడమంటే తల దువ్వుకుంటాడు. ఫోను మోగుతూనే ఉంటుంది, మేడమ్, మేడమ్ అంటూ.

ఫోను అంటే గుర్తొచ్చింది. మొన్న నీకు చేశాను కదా. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను. పెట్టేశాం. మనిద్దరికీ ఫోను అచ్చిరాదు. కాగితం మీదైతేనే నీ నోట్లోంచి నిజం ఊడిపడుతుంది. రాస్తూ ఉండు. మాత్రలు మానకు.

వదిన


మేడమీది గది,
కిటికీ దగ్గర

వదినా,

దుకాణం ఆయన ఒక ఉన్ని కోటు పైకి పంపించాడు. మోచేతి దగ్గర పురుగు కొట్టింది. బరువులెత్తొద్దని డాక్టరు అన్నాడు కానీ సూదికేం బరువు. బట్టని చట్రంలో బిగించి, దాని మీదికి వంగి, పోగు పక్కన పోగు నేస్తూ కూర్చుంటే ప్రాణం తెరిపిన పడింది.

ఒక వింత చెప్పనా? పనిచేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కాస్త నడుం వాలుద్దామని మంచం మీద పడుకోగానే రొమ్ము మధ్యలో నొప్పి మొదలవుతుంది. భుజం దాకా పాకుతుంది. లేచి మళ్ళీ చట్రం మీదికి వంగితే పోతుంది. చాలా ఆలోచించాను. ఆపరేషన్‌కి ముందు వచ్చిన నొప్పి ఇలా ఉండేది కాదు. అప్పుడు మెట్లెక్కితే వచ్చేది, కూర్చుంటే పోయేది. ఇది దానికి తలకిందులు. అంటే ఇది గుండెది కాదు, నాది. పనిలో పడితే మరిచిపోతున్నాను, ఊరికే పడుకుంటే గుర్తొస్తోంది. ఏం గుర్తొస్తోందని అడిగితే చెప్పలేను. ఈ గదిలో గ్లాసు ఒకటి, దుప్పటి ఒకటి, చెప్పుల జత ఒకటి. మొన్న వంటగట్టు మీంచి గ్లాసు దొర్లి పడితే, ఆ చప్పుడుకి ఎవరో వచ్చారనిపించి సంబరపడ్డాను.

చిన్న మాత్ర మానేశాను. కడుపు పాడుచేస్తోంది. బాత్రూము కిందెక్కడో ఇస్త్రీగది వెనకాల ఉందని నీకు తెలుసు కదా. ఛాతీ పట్టుకుని ఆ ఇరుకు మెట్లన్నీ దిగేసరికి పరువు దక్కుతుందో లేదోనని ప్రతిసారీ గండమే. ముందుజాగ్రత్తకే అన్నారుగా, వాపు వచ్చినప్పటి సంగతి. అన్నయ్య కూడా మానేయమనే అన్నాడు.

నీ మరదలు


ఇల్లు,
ఆదివారం

పిల్లా,

నీ ఉత్తరం చదివి అలాగే కూర్చుండిపోయాను. ఆ నొప్పి నాకు తెలుసు. మీ అన్నయ్య వెళ్ళిపోయిన కొత్తలో, మంచం మీద వాలగానే రొమ్ము మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుండేది. బండి నడుపుతున్నంతసేపూ ఉండేది కాదు. అందుకని పనిలేని ఊళ్ళకి కూడా బండి వేసుకుని పోయేదాన్ని. ఒకసారి దారి చివర సముద్రం వచ్చేదాకా పోయి, వేరే గతి లేక వెనక్కి తిప్పుకొచ్చాను.

దానికి మందు లేదు. రోజులు గడవాలి, అంతే. ఈలోగా రేడియో పెట్టుకో. కిటికీ తెరిచి ఉంచు, వీధి చప్పుడు లోపలికి రానీ. కింద దుకాణంలో వాళ్ళతో కాస్త మాట కలుపు, నువ్వు అసలే నోట్లో సూది పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడవు. ఒక రాత్రి ఉండిపొమ్మని మీ అన్నయ్యని అడగరాదూ? అడిగితే తప్పేం కాదు, ఆపరేషన్ అయిన మనిషివి.

మాత్ర సంగతి మాత్రం ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరు చెవిన వెయ్యి.

వదిన


మేడమీది గది,
బల్ల దగ్గర

వదినా,

నువ్వు చెప్పినట్టే రేడియో పెట్టాను. వార్తలు చదివే ఆవిడ గొంతు బాగుంటుంది. కానీ ఎంతసేపు విన్నా ఆవిడ నన్నేమీ అడగదు.

ఇప్పుడు పడుకోవడమే మానేశాను. బల్లమీద దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి, తల వాల్చి నిద్రపోతున్నాను. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడుస్తుంది. దగ్గినా పొడుస్తుంది, ఆవలించినా పొడుస్తుంది. అందుకని ఊపిరి కూడా పొదుపుగా వాడుకుంటున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. కింద ఇస్త్రీపెట్టెల వేడి ఈ నేలలోంచి పైకి వస్తుంది కదా, దాని వల్లేననుకున్నాను. మొన్న దుకాణానికి సెలవు. నేల చల్లగా ఉంది, నేను మాత్రం వెచ్చగానే ఉన్నాను.

ఒంటరితనం ఇంత పెద్దదవుతుందని నేననుకోలేదు వదినా. ఇదివరకూ ఒంటరిగానే ఉన్నాను. అప్పుడు కనీసం పడుకోనిచ్చేది. ఇప్పుడు కూర్చోబెట్టేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటావు, వెళ్ళి ఏమని చెప్పను? "ఎవరూ లేరండీ, అందుకని నొప్పి" అంటే ఆయన ఏం రాసిస్తాడు? వెనక వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వుతారు.

కోటు పని అయిపోయింది. అతుకు ఎక్కడో కనిపెట్టలేకపోయాడు దుకాణం ఆయన. తీసుకెళ్ళిపోయాడు. ఇంకో బట్ట ఇంకా రాలేదు.

అన్నయ్య బాగానే ఉన్నాడు. వస్తున్నాడు.

నీ మరదలు


బస్సులో,
కిటికీ పక్క సీటు

పిల్లా,

ఇది పోస్టులో వేసే ఉత్తరం కాదు. నీ చేతికే ఇస్తాను. నీ ముఖం చూశాక నోరు పెగలదు నాకు, అందుకని ఇప్పుడే తిట్టి పెట్టుకుంటున్నాను. అక్షరాలు గెంతుతున్నాయి, కొన్ని బస్సు కుదుపులకి, కొన్ని నా కోపానికి.

నా దగ్గర బండి నేర్చుకునే ఒక డాక్టరమ్మ ఉంది. నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పడుకుంటే నొప్పి, ముందుకి వంగితే హాయి, ఊపిరి పీలిస్తే పోటు, సాయంత్రం జ్వరం. నేను పూర్తి చేయకుండానే "ఆపరేషన్ అయి ఎన్ని వారాలైంది?" అంది. గుండె సంచి వాచిందట. నీకు నర్సమ్మ చెప్పిందే, నువ్వు మానేసిన మాత్ర ఏది రాకుండా ఇచ్చారో అదే. వెల్లకిలా పడుకుంటే ఆ వాచిన సంచి నొప్పి పెడుతుందట, ముందుకి వంగితే ఉపశమనం ఉంటుందట. నువ్వేమో రోజంతా చట్రం మీదికి వంగి కూర్చునే మనిషివి. అందుకే పనిలో తగ్గింది. దానికి నువ్వు ఒంటరితనమని పేరు పెట్టావు. నేను నీకంటే తెలివైనదాన్ని, దానికి మందే లేదని రాసిపంపాను! నీరు ఎక్కువైతే గుండె కొట్టుకోవడానికి చోటు చాలదట. "ఇవాళే చూపించండి, రేపు కాదు" అంది.

నీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. గతిలేక తొమ్మిదేళ్ళ తరవాత మీ అన్నయ్యకి చేశాను. "నీ చెల్లెల్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు" అన్నాను. అతను "ఎందుకు? దానికేమైంది?" అన్నాడు.

ఆపరేషన్ అయిందనే అతనికి తెలియదు. ఊళ్ళో కూడా లేడు, పని మీద ఎక్కడో ఉన్నాడు. నీకు ఆపరేషన్ అయిందన్న మాట నా నోటి నుంచి విన్నాడు.

అంటే రోజూ సాయంత్రం ఎవరూ రాలేదు. మాత్ర మానేయమని ఎవరూ అనలేదు. ఆ సంతకాలు ఎవరు పెట్టారో కూడా ఇప్పుడు తెలిసింది. మీ దుకాణం ఆయన నంబరు సంపాదించి చేస్తే ఆయనే చెప్పాడు, "నేనే పెట్టానమ్మా, రోగికి ఏమవుతారు అన్నచోట కింది అంతస్తు అని రాశాను" అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. దుకాణం మూసి నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. ఈపాటికి చేర్చే ఉంటాడు.

ఎందుకే అంత అబద్ధం? ఎవరూ లేరని ఒక్క ముక్క రాస్తే నేను రానా?

వదిన


మేడమీది గది,
మంచం మీద

వదినా,

నువ్వు వెళ్ళి వారమైంది. ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను, వెల్లకిలా, కాగితం అట్టమీద పెట్టుకుని. నొప్పి లేదు.

నిన్న మళ్ళీ స్కానింగ్ తీశారు. నీరు చాలావరకు ఇంకిపోయింది. సూది పెట్టి తీసే అవసరం లేకుండా మందులతోనే దారికొచ్చింది. పెద్ద మోతాదులో ఇచ్చిన ఆస్పిరిన్‌ని మెల్లగా పాత మోతాదుకి దించుతున్నారు. కాల్చిసిన్ మాత్రం సగం మోతాదులో మూడు నెలలు వాడాలి. తగ్గింది కదా అని మధ్యలో ఆపితే తిరగబెడుతుందట. సగానికి దించాక కడుపు కూడా గోల మానింది. "కడుపు పాడైతే మానేయడం కాదమ్మా, వచ్చి చెప్పాలి, అప్పుడే తగ్గించి ఇచ్చేవాణ్ణి" అని డాక్టరు అరిచినప్పుడు నువ్వు నా వైపు ఉంటావనుకున్నాను. నువ్వు ఆయనకంటే గట్టిగా అరిచావు.

బస్సులో రాసిన ఉత్తరానికి జవాబు అడిగావు. నువ్విక్కడ ఉన్నన్నాళ్ళూ తప్పించుకున్నాను, ఇప్పుడు చెబుతాను. ఎవరూ లేరని రాస్తే నువ్వు వచ్చేదానివి. అందులో నాకు అనుమానం లేదు. అలా తప్పనిసరై వచ్చే మనిషివి కావద్దనుకున్నాను. విడాకులయ్యాక నువ్వు నాకు ఏమీ కావు. అయినా రాస్తున్నావు. ఆ కాస్త దారం మీద బరువు వేస్తే అదీ తెగుతుందేమోనని భయం. అన్నయ్యకి చెబితే అతనూ వచ్చేవాడే. వచ్చి, ఎప్పుడు లేద్దామా అని చూస్తూ కూర్చునేవాడు. అంతకంటే ఖాళీ కుర్చీ నయమనిపించింది.

ఇక నువ్వు నాకు ఒకటి చెప్పాలి. నువ్విక్కడ ఉన్నన్ని రోజుల్లో నీ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. నా నిద్ర చెడకుండా ఆపేశావనుకున్నాను. చార్జింగ్ పెట్టమని నాకిచ్చినప్పుడు చూశాను, ఆపలేదు. ఆ బ్యాంకు ఆవిడ గానీ, తల దువ్వుకునే పెద్దాయన గానీ, బండి నేర్చుకునే డాక్టరమ్మ గానీ, "మేడమ్, ఎప్పుడొస్తారు?" అని ఒక్కరూ అడగలేదేం వదినా?

నీ మరదలు


ఇల్లు,
గురువారం

పిల్లా,

పట్టేశావు. కనపడని అతుకులు వేసేదానికి ఇంకొకరి అతుకు కనపడకుండా ఉంటుందా.

బ్యాంకు ఆవిడ నేర్చుకుని వెళ్ళిపోయి ఏడాది దాటింది. పెద్దాయన ఎప్పటివాడో. నాకు చూపు తగ్గింది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, పక్క నుంచి వచ్చే బండి కనపడడం లేదు. కంటి పరీక్షలో తప్పాను. స్కూలు వాళ్ళు మర్యాదగానే పంపించారు, ఒక గోడగడియారం కూడా ఇచ్చారు. అప్పటి నుంచి 'డ్రైవింగ్ స్కూలు' అని పైన రాసి, వంటింట్లో కూర్చుని నీకు ఉత్తరాలు రాశాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఉన్నది నువ్వొక్కదానివి, నీకేమో అప్పుడే గుండె ఆపరేషన్ వచ్చి పడింది.

డాక్టరమ్మ కూడా నా దగ్గర ఏమీ నేర్చుకోవడం లేదు. నీ ఉత్తరం పట్టుకుని పెద్దాసుపత్రికి పోయి, చీటీ తీసుకుని, వరసలో కూర్చుని, నీ జబ్బంతా నాదేనని చెప్పాను. నీ పేరు మీద చీటీ ఇవ్వరేమోనని. ఆవిడ నిజమేననుకుని కంగారుపడి, గొట్టం పెట్టి వినబోయి, "ఆపరేషన్ మచ్చ ఏదమ్మా?" అంది. అప్పుడు నిజం చెప్పాను. తిట్టి, ఆ తరవాత అంతా విడమరిచి చెప్పింది.

నీ గదిలో ఉన్నన్నాళ్ళూ "మాత్ర వేసుకున్నావా?" అని అడగడానికి ఒక మనిషి ఉంది. ఇక్కడికొచ్చాక కూడా ఆ వేళకి నోరు ఊరుకోవడం లేదు. నిన్న బీరువా అద్దంలో నన్నే అడిగాను. నాకు ఏ జబ్బూ లేదు పిల్లా. నన్ను చూడ్డానికి ఎవరూ రావలసిన పనే లేదు. అది నాకు బాధగా ఉంది.

ఈ ఇల్లు ఖాళీ చేసేస్తాను. ఇంకొకరు అద్దెకి దొరికేదాకా ఆగమని ఇంటావిడ బతిమాలుతోంది. దొరకగానే వస్తాను. నీ కోర్సు ఇంకా ఉంది కదా, మాత్రలు మింగుతున్నావో కిటికీలోంచి పారేస్తున్నావో చూసే మనిషి ఒకరుండాలి. కోర్సు అయ్యేదాకా ఉంటాను. ఎవరడిగినా అదే చెబుతాను. నువ్వూ అదే చెప్పు.

వదిన


మేడమీది గది

వదినా,

మీ ఇంటావిడకి మనుషులు దొరికారని రాశావు. సామాను కట్టడం మొదలుపెట్టానన్నావు. నువ్వు బయల్దేరేలోగా ఇది నీకు అందాలి.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. స్కానింగ్ చూసి, రక్తపరీక్షలు చూసి, మూడు నెలలూ నిండాయి, కాల్చిసిన్ ఇక చాలన్నాడు డాక్టరు. వాపు లేదు, నీరు లేదు, తిరగబెట్టే సూచనలూ లేవట. "ఇంకో నెల వేసుకుంటే తప్పా అండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి చూశాడు. "మానేయమంటే ఏడ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు.

బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. కోర్సు ఇంకా ఉందని నీకు రాద్దామనుకున్నాను. ఇంటికొచ్చి రాశాను కూడా, డాక్టరు పొడిగించాడని. చదువుకుంటే నిజంలాగే ఉంది. చించేశాను. ఆ అబద్ధానికి వచ్చి నువ్వు నా పక్కన కూర్చుంటే, నేను రోజూ నీ ముఖంలోకి చూడలేను.

ఇప్పుడు వెల్లకిలా పడుకుంటున్నాను. ఎంత లోతుగా ఊపిరి పీల్చినా ఎక్కడా ఏమీ గుచ్చుకోదు. రెండూ ఒకటేననుకున్నాను వదినా, కావు. నొప్పి మందుకి పోయింది. రెండోది పోలేదు. ఎక్కడుందో చేయి పెట్టి చూపించమంటే చూపించలేను, కానీ ఉంది.

మాత్రలు అయిపోయాయి. నన్ను కనిపెట్టి ఉండాల్సిన పని ఇక ఎవరికీ లేదు. నువ్వు రావడానికి నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు.

వస్తావా?

నీ మరదలు